కుడివైపు నుంచి తెరిచే పుస్తకం

పెళ్లిపత్రిక చేతికిస్తే ఆయన ముందు దాన్ని వెనక్కి తిప్పేవాడు. వెనకవైపు ఏముంటుంది, తెల్లకాగితం. దాన్ని కాసేపు చూసి, నాలుక కరుచుకుని, మళ్లీ ముందుకు తిప్పి చదివేవాడు. పంచాంగమైనా అంతే, పిల్లల వాచకమైనా అంతే. ఉర్దూ బడిలో చదువుకున్న చేయి అది. పుస్తకం కుడివైపు నుంచి తెరుచుకుంటుందని చిన్నప్పుడు నేర్చుకుంది, ఆ తర్వాత ఎవరి మాటా వినలేదు. నాదీ అదే బడి. తెలుగు మా బాపు ఇంట్లో కూర్చోబెట్టి నేర్పితే వచ్చింది. అందుకని ఆయన చేతిని చూసి నేను నవ్వినా, ఆ నవ్వులో నాకూ వాటా ఉండేది.

పోయిన నెల నిజామాబాదు బస్టాండులో బోధన్ బస్సు దిగిన మనిషి ఒకాయన నన్ను గుర్తుపట్టి ఆగాడు. పాత ఫ్యాక్టరీ పరిచయం.

"పేంటర్ సాబ్ పోయిండు, ఎరికేనా?" అన్నాడు.

నాకు ఎరుక లేదు. ఆ మనిషి ఇంకా ఏదో చెబుతున్నాడు గాని నాకు చెవికెక్కలేదు. తెల్లకాగితం వైపు చూస్తూ నాలుక కరుచుకున్న ముఖం ఒక్కటే కనబడుతోంది. అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఆయన పేంటరు, నేను చెరుకు తూకం ఆఫీసులో క్లర్కును. ట్యాంకుల మీద నంబర్లు, గేట్ల మీద హెచ్చరికలు, ఆఫీసర్ల తలుపుల మీద పేర్లు, అన్నీ ఆయన చేతి రాతే. ఎవరితో మాట్లాడుతున్నా ఒక కన్ను మూసి ఎదుటి ముఖాన్ని కొలిచేవాడు. కొత్తగా వచ్చిన ఆఫీసరొకాయన తనకు కన్ను కొడుతున్నాడనుకుని కోపగించుకున్నాడు కూడా. కుంచె ఎప్పుడూ చెవి మీద ఉండేది. దాన్ని మరిచిపోయి ఇల్లంతా వెతికేవాడు. ఆయన భార్య, నాకు వదిన వరస, అది కనబడుతున్నా చెప్పేది కాదు. కాసేపు వెతకనిచ్చి, నవ్వుకుని, అప్పుడు తీసి చేతిలో పెట్టేది.

ఆయనకు బొమ్మల కథల పిచ్చి. మద్రాసు నుంచి వచ్చే పిల్లల పత్రికల్లోనూ హైదరాబాదు ఉర్దూ పత్రికల్లోనూ గళ్లు గళ్లుగా వేసే కథలను ఫ్యాక్టరీ రీడింగ్ రూములో కూర్చుని మళ్లీ మళ్లీ చూసేవాడు.

"మన దిక్కు మాటల మనమే ఒకటి చేద్దాం తమ్మీ," అన్నాడు ఒకరోజు.

బొమ్మలు ఆయనవి, మాటలు నావి. ఆదివారం మధ్యాహ్నాలు ఆయన ఇంటి అరుగు మీద మా పని. మొదటి కథ ఒక రాజుది. మొదటి గడిలోనే రాజు యుద్ధానికి బయలుదేరాడు. వెనక ఏనుగులు, గుర్రాలు, ఈటెలు పట్టిన సైన్యం, బురుజుల మీద చేతులూపే జనం. ఆ ఒక్క గడికే వారాలు పట్టాయి. రెండో గడిలో రాజు ఊరు దాటాడు. అంటే అదే సైన్యాన్ని మళ్లీ గీయాలి. మూడో గడికి వచ్చేసరికి పెద్దగా దుమ్ము లేచింది, ఆ దుమ్ములో సైన్యమంతా మాయమైంది.

"దుమ్ము మస్తు లేసినట్టున్నదే అన్నా," అన్నాను.

"సైన్యం లోపటనే ఉన్నది. నీకు కనిపిస్తలేదు, గంతే," అన్నాడు, తలెత్తకుండా.

నేను రాసిచ్చిన మాటలకు ఎక్కడా చోటు మిగల్లేదు. రాజుగారి ప్రతిజ్ఞను ఏనుగు కడుపు మీద రాయాల్సి వచ్చింది. అరుగు మీద మా పక్కనే కూర్చుని చూసే ఆయన బిడ్డ ఒకనాడు అడిగింది.

"రాజు మీసాలేవి బాపూ?"

చూస్తే నిజమే. మొదటి గళ్లలో ఉన్న మీసాలు తర్వాత లేవు, ఆ తర్వాత మళ్లీ మొలిచాయి. ఆ రాజు యుద్ధభూమికి చేరనే లేదు.

ఆయన తన తప్పును దాచుకునే మనిషి కాదు. తప్పు చేసిన మర్నాడే దాన్ని పాఠంగా మార్చి పదిమందికీ పంచేవాడు. ఫ్యాక్టరీలో బొమ్మలు గీసే సరదా ఉన్న ఏ మనిషి దొరికినా ఆపి చెప్పేవాడు.

"మాటలకు జాగ ముందుగాల ఇడిసిపెట్టాలె. బోర్డు మీద మొదటి అచ్చరాలు లావుగ రాసి, ఆఖరియి తెచ్చి మూలకు ఇరికిస్తే ఎట్లుంటది? గిది గూడ గంతే. ఇగ పెద్ద కథ మొదలువెట్టకు. చిన్నది పట్టుకో, పట్టుకున్నది ముగించు."

ఇంకోటి నాకోసమే చెప్పాడు. "వాన గీసినంక కింద 'వాన పడుతున్నది' అని రాయకు తమ్మీ. సూసేటోనికి కండ్లు లేవా?" మాటల మనిషిని కదా, ఆ రోజంతా ముఖం ముడుచుకుని తిరిగాను. తర్వాత ఆలోచిస్తే ఆయన అన్నదే సబబు అనిపించింది.

అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పింది ముఖం గురించి. "మనిషి మొఖం ముందుగాల కుదరాలె. ఇటు తిప్పి, అటు తిప్పి, నవ్వించి, ఏడ్పించి ఒక కాయిదం నిండ గీసుకో. లేకుంటే పేజీ పేజీకి మనిషి మారిపోతడు. సదివేటోడు ఎవల వెంట పోవాలె?"

ఆయనకు ఒక్కతే బిడ్డ. రెండు జడలు, ముందు పళ్ల మధ్య సందు. మీసాలు కనిపెట్టిన రోజు నుంచి మా గళ్లన్నిటికీ తనే తనిఖీ అధికారి అయింది. కిరీటం రంగు మారినా, గుర్రానికి కాలు తక్కువైనా మా ఇద్దరికీ చీవాట్లే.

సీజను మొదలైతే బోధన్ రోడ్ల నిండా చెరుకు బండ్లే. రెంజల్ దిక్కు నుంచి, సరిహద్దు అవతలి మరాఠీ ఊళ్ల నుంచి వచ్చి తూకం కోసం ఒకదాని వెనక ఒకటి బారులు తీరేవి. బండివాళ్లు మరాఠీలో ఎడ్లను అదిలించే మాటలు మా ఆఫీసు కిటికీలోంచి రోజంతా వినబడేవి. పిల్లలు ఆ బండ్ల వెనక పరుగెత్తి చెరుకు గడలు గుంజుకునేవాళ్లు. అది దొంగతనమని మా ఊళ్లో ఎవరూ అనుకోరు. నేనూ గుంజాను, ఆయనా గుంజాడు. ఆ ఊళ్లో పెరిగి, చెరుకు కొనుక్కుని తిన్న మనిషిని నేను చూడలేదు.

ఆ ఏడు ఆయన బిడ్డ కూడా గుంజింది. మోపులో బిగిసి ఉన్న గడ ఒక్కసారిగా ఊడి చేతికొచ్చింది, పిల్ల వెల్లకిలా పడింది. వెనక బండి దగ్గరగా వస్తోంది. బండివాడు పగ్గాలు పట్టి గుంజాడు. ఎడ్లు ఆగలేదు.

ఆ సంగతి ఇంతకంటే రాయలేను.

చాలా రోజులు ఆయన పనికి రాలేదు. వచ్చిన రోజున ఎవరూ అడగకుండానే ఒక రేకు మీద హెచ్చరిక రాసి బండ్లు ఆగేచోట పాతాడు. పిల్లలు బండ్ల దగ్గరికి రాకూడదని. మర్నాడు అక్కడే నిలబడి చూశాడు. పిల్లలు ఆ బోర్డు పక్కనుంచే పరుగెత్తారు. ఒకడైతే గుంజిన గడను దానికే ఆనించి విరుచుకున్నాడు.

"బోర్డు పెద్దోళ్లు సదువుతరు," అన్నాడు సాయంత్రం నాతో. "పెద్దోళ్లు బండ్ల ఎనక ఉరకరు గదా తమ్మీ. పోరగాండ్లు ఏం సదువుతరు? బొమ్మల కథ సదువుతరు. వచ్చే సీజను లోపట చెయ్యాలె. ఇంకో పిల్ల పోవద్దు."

అలా మొదలైంది ఆ పుస్తకం. కొత్త సీజను రాకముందే పిల్లల చేతుల్లో ఉండాలి. ఆయనకు అప్పుడు వేరే ఆలోచన లేదు.

పేజీకి ఒక్క బొమ్మ. ముందు ముఖం కుదరాలి. తన సూత్రం ప్రకారం ఒక పెద్ద కాగితం తీసుకుని కూర్చున్నాడు. బిడ్డకు ఫోటో లేదు. రేపు తీయించవచ్చులే అనుకునే ఇళ్లు మావి. గీస్తున్నాడు, తుడుస్తున్నాడు, ఒక కన్ను మూసి ఎదుట లేని ముఖాన్ని కొలుస్తున్నాడు. వదిన వంటింట్లోంచి వచ్చి వెనక నిలబడింది. బిడ్డ పోయాక ఆమె మాట్లాడటమే తక్కువ.

"గది మీ అవ్వ ముక్కు," అంది. "బిడ్డ ముక్కు గట్ల లేకుండె."

"మా అవ్వ ముక్కే వచ్చింది దానికి. అందరు అంటుండిరి," అన్నాడు ఆయన.

"ఎవలన్నరు? నా ముక్కు. పుట్టిననాడు నువ్వే అన్నవు."

ఇద్దరూ వాదించుకున్నారు. గొంతులు పెరిగాయి. ఉన్నట్టుండి ఆయన పెన్సిలు కింద పెట్టేశాడు.

"నేను మర్శిపోతున్న తమ్మీ," అన్నాడు నాతో. "బిడ్డ మొఖం మర్శిపోతున్న."

వదిన ఆయన పక్కన కూలబడింది. పెన్సిలు తీసి మళ్లీ ఆయన చేతిలో పెట్టింది. "నేను జెప్త, నువ్వు గియ్యి," అంది. ఆ మధ్యాహ్నమంతా ఆమె చెప్పింది, ఆయన గీశాడు. ముక్కు వదిన ముక్కే అయింది. ఆ కాగితం చివర ఒక నవ్వు ముఖం దిగింది. పళ్ల సందుతో సహా అచ్చం ఆ పిల్లే. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. అదే అట్ట మీది బొమ్మ అయింది.

తర్వాత పని చకచకా సాగింది. అట్ట మీద నవ్వు ముఖం ఒక్కటే, పేరు కూడా లేదు. లోపల తల్లి జడలు వేస్తుంది. పిల్ల ఒంటరిగా రోడ్డు మీద నడుస్తుంది. బండి వెనక చేరి గడ మీద చేయి వేస్తుంది. పడిపోతుంది. జనం మూగుతారు. తల్లి పరుగెత్తుతుంది. వెనక అట్ట మీద ఖాళీ గడప. నేను పేజీ పేజీకీ మాటలు రాసిచ్చాను, ఆయన కొట్టేశాడు. పిల్లలు జాగ్రత్తగా ఉండాలని చివర రాసిన నాలుగు నీతి ముక్కలను కూడా కొట్టేశాడు.

"నీతి జెప్తే బోర్డు అయితది," అన్నాడు. "బొమ్మలనే జెప్పనియ్యి."

చివరికి నావి అక్కడక్కడా ఒకటి రెండు మాటలు మిగిలాయి.

అచ్చు నిజామాబాదులో, పెళ్లిపత్రికలు వేసే ఒక రాతి అచ్చు ప్రెస్సులో. దాని యజమాని ముసలాయనను అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. ఉర్దూ రాతలో చేయి తిరిగినవాడు. పేజీలన్నీ చూసి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "బరాబర్ ఉన్నది బేటా," అన్నాడు. పుస్తకాలు కుట్టి ఇచ్చాడు. మేమిద్దరం బస్సులో కట్ట ఒళ్లో పెట్టుకుని బోధన్ వచ్చాం. దారి పొడుగునా ఆయన ఒక పుస్తకాన్ని మళ్లీ మళ్లీ తిరగేశాడు. నేనూ చూశాను. ఎక్కడా వంక కనబడలేదు.

సీజను మొదలవుతుండగా బడిలో పంచాం. రాష్ట్రం ఒకటైన తర్వాత అంతా తెలుగులో చదువుకుంటున్న పిల్లలు. పుస్తకం చేతికి రాగానే అటూ ఇటూ తిప్పి, తమకు వీలుగా పట్టుకుని చదవటం మొదలుపెట్టారు. మేమిద్దరం వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాం. కాసేపటికి సారు ఒక పిల్లను లేపి కథ చెప్పమన్నాడు.

"ఇంట్ల ఎవలు లేరు సార్," అంది పిల్ల. "అమ్మ ఉరుకుతున్నది, బిడ్డను దేవులాడుకుంట. అందరు ఒక్కకాడ నిలబడ్డరు. పిల్ల బండి కాడ పడి ఉన్నది. లేసింది. గుంజిన చెరుకు మళ్ల బండ్లనే పెట్టింది. నడుసుకుంట ఇంటికొచ్చింది. అమ్మ జడలేసింది. ఆఖరుకు నవ్వింది."

"బండి కాడ పడితే దెబ్బ తాకలేదా?" అని సారు అడిగాడు.

"లేదు సార్. లేసింది గదా."

పక్కవాళ్లు అవునని తలలూపారు. నాకు ముందు ఏమీ అర్థం కాలేదు. ఆ పిల్ల చేతిలోని పుస్తకం వైపు చూశాక తెలిసింది. కుట్టు ఎడమచేతి వైపు ఉంది. మాకు చివరి అట్ట వాళ్లకు మొదటి అట్ట. మేము కుడి నుంచి తెరిచేలా కుట్టించిన పుస్తకాన్ని తరగతి మొత్తం ఎడమ నుంచి తెరిచింది. ఆపడానికి సరిపడా మాటలైనా లేవు, దాదాపు అన్నీ కొట్టేశాం కదా. బండి వెనక పరుగెత్తవద్దని చెప్పాల్సిన పుస్తకం, పడినా లేస్తారులే అని చెబుతోంది.

ఆయన ముఖం చూశాను. కోపం లేదు, సిగ్గూ లేదు. ఆ పిల్ల వైపే, మళ్లీ చెప్పమన్నట్టు చూస్తున్నాడు.

బయటికి వచ్చాక రోడ్డు మీద ఆగాడు. "ముగ్గురం సూసినం తమ్మీ. నువ్వు, నేను, ఉస్తాదు. ముగ్గురికి సక్కగనే కనబడ్డది." కొంచెం దూరం నడిచి మళ్లీ అన్నాడు. "ముగ్గురిదీ ఒకటే బడి."

బాగుచేయటం కష్టమేమీ కాదు. కుట్లు విప్పి, ఎడమవైపు కుడితే పేజీలు సరైన వరుసలో పడతాయి. పుస్తకాలన్నీ వెనక్కి తెచ్చుకున్నాడు. కట్ట ముందు పెట్టుకుని, సూదీ దారం పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. కూర్చున్నాడే గాని చేయి కదలదు. నేను కుడతానంటే ఇవ్వడు.

"ఇన్నవా ఆ పిల్ల జెప్పింది?" అన్నాడు. "లేసిందట. ఇంటికొచ్చిందట. గిది ఇప్పి మళ్ల కుడితే, నా చేతులతోని నేనే బిడ్డను మళ్ల బండి కింద పండవెట్టినట్టు."

"అయితే వద్దులే అన్నా," అన్నాను.

"వద్దంటే ఎట్ల? బండ్లు వస్తున్నయి."

నిజమే, రోడ్డు మీది నుంచి ఎడ్ల గంటలు వినబడుతున్నాయి. మొదటి పుస్తకం కుట్టు తెంపాడు. ఆ రోజూ, ఆ తర్వాతి రోజుల్లోనూ పని దిగి వచ్చి ఒక్కడే కుట్టాడు. కుట్టిన ప్రతి పుస్తకాన్నీ మొదటి నుంచి చివరిదాకా తిరగేసి, ఖాళీ గడప దగ్గర ఒక్క క్షణం ఆగి పక్కన పెట్టాడు. దారం తెగినప్పుడు పళ్లతో కొరికాడు. అంతకంటే ధైర్యమైన పని నా ఎరుకలో ఎవరూ చేయలేదు.

చివరికి వదిన దగ్గరున్న పుస్తకం అడిగాడు. మొదటిరోజే ఆమెకొకటి ఇచ్చాడు.

"గిది నేనియ్య," అంది వదిన.

"అది తప్పు పుస్తకం."

"తెలుసు. ఉండనియ్యి."

ఆమె ఏ బడికీ పోయిన మనిషి కాదు. పొరుగింటి పిల్లలు వాచకం ఎటు తెరిస్తే అటే తెరిచింది. ఆయన మళ్లీ అడగలేదు.

సరిచేసిన పుస్తకాలు బడికి వెళ్లాయి. ఈసారి కథ చెప్పమంటే ఎవరూ లేవలేదట. ఒక పిల్ల ఏడ్చిందని సారు చెప్పాడు. ఆ సీజనులో బండ్ల వెనక పిల్లలు అసలే లేరంటే అది అబద్ధం. కొందరు ఆగారు. బండి కదులుతుంటే దూరం జరిగి, నిలబడ్డాక అడిగి తీసుకునేవాళ్లను నా కిటికీలోంచి నేనే చూశాను. ఆ సంగతి ఆయనకు చెబితే తల ఊపాడు, అంతే.

ఆ తర్వాత ఆయన బొమ్మల కథ చేయలేదు. పాఠాలు చెప్పటం మాత్రం మానలేదు. పాతవాటికి ఇంకొకటి కలిపాడు. "కథ తెల్వనోని చేతిల పెట్టు. నీ అసుమంటోనికి సూపియ్యకు. పెట్టి, నోరు మూసుకుని నిలబడు. ఆడు ఏం జెప్తే గదే నీ కథ." కుర్రవాళ్లు నవ్వేవాళ్లు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకు తెలియదు.

కబురు తెలిసిన మర్నాడు బోధన్ వెళ్లాను. అరుగు అలాగే ఉంది. వదిన బాగా వంగిపోయింది. నన్ను చూసి ఏడ్చింది, నేనూ ఏడ్చాను. కాసేపటికి లోపలికి వెళ్లి పుస్తకం తెచ్చింది. మూలలు గుండ్రంగా అరిగిపోయాయి. కుట్టు మాత్రం ఉస్తాద్ వేసిందే.

"ఆఖరి దినాలల్ల అడిగిండు," అంది. "ఇన్నేండ్లల్ల ఒక్కనాడు ముట్టలే. చేతికిచ్చిన. ఎటు తెరుస్తడో అని సూస్తున్న. తిప్పి పట్టుకున్నడు తమ్మీ. నాతీరుగనే తెరిసిండు. ఒక్కొక్కటి సూసుకుంట పోయిండు. బిడ్డ మొఖం కాడ ఆగిండు."

"ఏమన్నా అన్నడా?" అని అడిగాను.

"ముక్కు నీదేనే, అన్నడు."

వదిన పుస్తకాన్ని నా చేతిలో పెట్టింది. అలవాటు కొద్దీ నా చేయి కుడివైపుకే పోయింది. ఆమె చూస్తోంది. పుస్తకాన్ని తిప్పి పట్టుకుని, ఖాళీ గడప దగ్గర మొదలుపెట్టాను.